గుహలో దాక్కునే జీవిని ఫొటో తీసే ఆట: గోడాట్ 4లో మీరే కట్టుకోవడం ఎలా

విజయవాడ, గుంటూరు కాలేజీల పిల్లలు గేమ్ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే. "గుహ కట్టాం, జీవి తిరుగుతోంది, కెమెరా క్లిక్‌మంటోంది. కానీ ఆడుతుంటే మజా లేదు. ఎక్కడ తేడా కొట్టింది?" తొంభై పాళ్లు తేడా కొట్టేది కోడ్‌లో కాదు, దూరాల్లో. అడుగుల చప్పుడు ఎంత దూరం వినబడాలి, లెన్స్ ఎంత దూరం నుంచి జీవిని ఫ్రేమ్‌లో నింపాలి, పారిపోయే కన్నం ఎంత దూరంలో ఉండాలి అన్న మూడు అంకెలూ ఒకదానికొకటి పొసగకపోతే ఎన్ని బొమ్మలు పెట్టినా ఆట నిలబడదు. 1999లో నింటెండో 64కి వచ్చిన పోకెమాన్ స్నాప్‌లో ఆటగాడు పట్టాల మీద బండిలో పోతాడు కాబట్టి దూరాలన్నీ తయారుచేసినవాళ్ల చేతిలోనే ఉండేవి. మన ఆటలో కాళ్లు ఆటగాడివి. అందుకే ఈ లెక్క ముందే వేసుకోవాలి.

కావలసినవి

- 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా పర్వాలేదు.
- గోడాట్ 4 (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్), స్టాండర్డ్ వెర్షన్. డాట్ నెట్ అని ఉన్నది వద్దు, అది సీ షార్ప్ వాడేవాళ్లకు. ఇన్‌స్టాల్ చేసే పని లేదు, జిప్ విప్పి నొక్కితే తెరుచుకుంటుంది. ఉచితం, ఎంఐటీ లైసెన్స్, మీ ఆట అమ్ముకున్నా వాటా అడగరు.
- బొమ్మలు చేసుకోవడానికి బ్లెండర్. రాకపోతే ప్రత్యామ్నాయం కింద చెప్పాను.
- గళ్ల నోటుబుక్కు, పెన్సిలు. ఇది నవ్వులాట కాదు, మొదటి మెట్టు దీనిమీదే.

కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు రెండరర్ (బొమ్మను తెర మీద గీసే పద్ధతి) ఏదని అడుగుతుంది. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఉన్నవాళ్లు కంపాటిబిలిటీ ఎంచుకోండి. ఫార్వర్డ్ ప్లస్‌లో వాల్యూమెట్రిక్ పొగమంచు వస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది, కానీ మామూలు ల్యాప్‌టాప్‌లో మే నెల మధ్యాహ్నం ఫ్యాను చేసే గోల భరించలేరు. బ్రౌజర్‌లో ఆడించాలనుకుంటే ఎలాగూ కంపాటిబిలిటీయే గతి.

1. ముందు కాగితం మీద దూరాల లెక్క

గోడాట్‌లో కెమెరా ఎఫ్ఓవీ (కెమెరాకు కనబడే మేర కోణం) మామూలుగా 75 డిగ్రీలు. ఇది నిలువు కోణం. జూమ్ చేసినప్పుడు 20 డిగ్రీలకు దిగేలా పెట్టుకుందాం. ఒక దూరంలో ఫ్రేమ్ ఎంత ఎత్తు చూస్తుందో తెలియాలంటే దూరాన్ని 75 డిగ్రీలకు 1.53తో, 20 డిగ్రీలకు 0.35తో గుణిస్తే చాలు.

మన మొదటి జీవికి అలుగు పోలికలు ఇద్దాం. రాత్రిపూట తిరుగుతుంది, ఒళ్లంతా పెంకులు, బెదిరితే ఉండలా చుట్టుకుంటుంది. ఇంతకంటే మంచి ఫొటో జీవి మన అడవుల్లో దొరకదు. ఎత్తు 0.6 మీటరు అనుకోండి (నిజం అలుగు ఇంతకన్నా పొట్టి, ఆటకోసం పెంచాం). ఫ్రేమ్ ఎత్తులో 35 నుంచి 70 శాతం నిండితే సైజు మార్కులు పూర్తిగా ఇద్దాం. లెక్క ఇలా తేలుతుంది:

- జూమ్ చేస్తే: 2.4 మీటర్ల నుంచి 4.9 మీటర్ల వరకు.
- జూమ్ లేకుండా: 35 శాతం రావాలన్నా 1.1 మీటరు దగ్గరికి పోవాలి.

ఇప్పుడు చప్పుళ్లు, ఫ్లాష్ వెలుగు జీవికి ఎంత దూరం చేరతాయో చూద్దాం. పరుగు 12 మీటర్లు, నడక 6, వంగి నడిస్తే 2, షట్టర్ చప్పుడు 4, ఫ్లాష్ 10. ఈ అంకెలను పై అంకెల పక్కన పెట్టి చూడండి. మామూలుగా నడిచి వస్తే 6 మీటర్ల దగ్గరే జీవి చెవులు నిక్కిస్తుంది, ఫొటోకి ఇంకా మీటరుకు పైగా దూరం ఉండగానే. కాబట్టి వంగక తప్పదు. వంగి 4 నుంచి 4.9 మీటర్ల మధ్య ఆగితే పూర్తి మార్కులు పడతాయి, షట్టర్ చప్పుడూ వినబడదు. ఆ 90 సెంటీమీటర్ల వలయాన్ని కనిపెట్టడమే ఆట. ఇంకా దగ్గరికి వెళ్లచ్చు, కానీ వరసగా ఒకటి రెండు క్లిక్కులు దాటితే జీవికి అనుమానం వస్తుంది.

జనం చేసే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. జీవిని 0.3 మీటర్లకు కుదించి, చప్పుడు అంకెలు మాత్రం అలాగే ఉంచుతారు. అప్పుడు పూర్తి మార్కుల దూరం 1.2 నుంచి 2.4 మీటర్లకు పడిపోతుంది, అదంతా షట్టర్ వినబడే మేరలోనే. ఆటగాడికి న్యాయమైన చోటు ఒక్కటీ మిగలదు. జీవి ఎత్తు మార్చిన ప్రతిసారీ ఈ లెక్క మళ్లీ వేయండి.

2. గుహ: అయిదు గదులు చాలు

గుహను కంప్యూటర్ చేతే పుట్టించే ప్రయత్నం మొదటి ఆటలో వద్దు. చేత్తో గీసిన అయిదారు గదులు అంతకన్నా మేలు. నోటుబుక్కులో ఒక గడి అంటే 2 మీటర్లు. గోడాట్‌లో గ్రిడ్‌మ్యాప్ (గళ్లలో ముక్కలు పేర్చి గదులు కట్టే సాధనం) గడి కూడా మామూలుగా 2 మీటర్లే కాబట్టి గీసింది గీసినట్టు దించుకోవచ్చు.

పెద్ద గది కనీసం 12 మీటర్ల పొడవుండాలి, లేకపోతే పరుగు చప్పుడుకీ నడక చప్పుడుకీ తేడా తెలియదు. ప్రతి గదిలో జీవి మేత మేసే చోటుకు నాలుగైదు మీటర్ల దూరంలో ఒక స్తంభమో బండో పెట్టండి. మనిషి వంగితే దాగడానికి 0.8 మీటరు వెడల్పు చాలు. గదులన్నీ ఒక చుట్టుగా కలవాలి. వచ్చిన దారినే వెనక్కి పోవాల్సి వస్తే ఆటగాడికి విసుగు.

వెలుతురు ఎలా తగ్గాలో తెలియకపోతే ఉండవల్లి గుహలకు వెళ్లి చూసి రండి. విజయవాడ నుంచి కృష్ణ దాటితే తాడేపల్లి పక్కనే. కొండను నాలుగు అంతస్తులుగా తొలిచారు. ముందువైపు తెరిచి ఉంటుంది, స్తంభాల వరస దాటి లోపలికి పోయేకొద్దీ వెలుగు పలచబడుతుంది. గుమ్మం దగ్గర, మొదటి వరస దాటాక, వెనక గోడ దగ్గర ఒకే వస్తువును ఒకే సెట్టింగుతో ఫోన్‌లో మూడు ఫొటోలు తీసుకోండి. ఫోన్ ఎక్స్‌పోజర్ లాక్ చేయకపోతే మూడూ ఒకేలా వస్తాయి, వెళ్లిన పని దండగ. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, ట్రైపాడ్ తీసుకెళ్లాలంటే ముందే అనుమతి కావాలి. ఇంకో మాట: స్తంభాల పోకడ తీసుకోండి, వెలుతురు తీసుకోండి, శయనించిన అనంతపద్మనాభుడి విగ్రహాన్ని మాత్రం ఆటలో జీవుల మధ్యకు తేవద్దు. అనవసరపు తలనొప్పి, పైగా అది మర్యాద కూడా కాదు.

నావిగేషన్ మెష్ (జీవి ఎక్కడెక్కడ నడవగలదో చెప్పే పటం) బేక్ చేసేటప్పుడు, అంటే లెక్కకట్టి తయారుచేసేటప్పుడు జాగ్రత్త. ఏజెంట్ (నడిచే జీవి) రేడియస్ మామూలుగా 0.5, ఎత్తు 1.5 మీటర్లు ఉంటాయి. అంటే మీటరు కన్నా ఇరుకైన కన్నం, 1.5 మీటర్ల కన్నా తక్కువ ఎత్తున్న కన్నం మెష్‌లో మూసుకుపోతాయి. జీవి కన్నం ముందు నిలబడి దిక్కులు చూస్తోందంటే కారణం ఇదే. రేడియస్ 0.2, ఎత్తు 0.7, సెల్ సైజు 0.1 పెట్టండి. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో నావిగేషన్ సెల్ సైజు కూడా అంతే ఉండాలి, తేడా ఉంటే గోడాట్ హెచ్చరిక చూపిస్తుంది.

3. జీవికి అనుమానం నేర్పడం

జీవికి మూడు స్థితులు చాలు: మేత, అనుమానం, పరుగు. సున్నా నుంచి వంద దాకా ఒక అనుమానం అంకె పెట్టుకుని, ప్రతి అర సెకనుకు ఇలా మార్చండి:

- వినబడే దూరంలో నడక లేదా వంగి నడక: 10 కలపండి.
- వినబడే దూరంలో పరుగు: 25.
- షట్టర్ వినబడితే క్లిక్కుకు 20, ఫ్లాష్ తగిలితే 60.
- ఏ చప్పుడూ లేకపోతే 5 తగ్గించండి.

40 దాటితే తల ఎత్తి చెవులు రిక్కించాలి. 80 దాటితే పరుగు. నడకతో 40 నుంచి 80కి చేరడానికి 2 సెకన్లు పడుతుంది. ఆ 2 సెకన్లు ఆటగాడి హక్కు, అందులో ఆగిపోతే తప్పించుకోవాలి. హెచ్చరిక లేకుండా జీవి మాయమైతే ఆటగాడు తన తప్పు అనుకోడు, ఆట తప్పు అనుకుంటాడు.

దూరాన్ని సూటిగా కొలవకండి. గోడకు అవతల గదిలో నడిచినా జీవి బెదిరి పారిపోతుంది, ఎందుకో ఆటగాడికి అర్థం కాదు. గోడాట్‌లో దారులు వెతికిపెట్టే నావిగేషన్ సర్వర్‌ని దారి అడిగి, ఆ దారి ముక్కల పొడవులు కలిపి ఆ మొత్తాన్ని దూరంగా వాడండి. చప్పుడు మలుపులు తిరిగి వచ్చినట్టే ఉంటుంది. ఆట మొదలైన మొదటి ఫ్రేమ్‌లో నావిగేషన్ మ్యాప్ ఇంకా సిద్ధం కాదు, రెడీ ఫంక్షన్‌లోనే (మొదలవగానే నడిచే కోడ్) దారి అడిగితే ఖాళీగా వస్తుంది. ఒక ఫిజిక్స్ ఫ్రేమ్ ఆగి అడగండి. ఖాళీ దారి వస్తే దూరం సున్నా అనుకోకుండా, చాలా దూరం అని తీసుకోండి. ఈ ఒక్క పొరపాటు వల్ల ఆట తెరవగానే జీవులన్నీ పరుగెత్తడం మామూలు.

కన్నం మేత చోటుకు 5, 6 మీటర్ల దూరంలో ఉండాలి. జీవి వేగం సెకనుకు 4 మీటర్లయితే పరుగు సుమారు 1.5 సెకన్లు సాగుతుంది, ఆ పరుగును ఫొటో తీసే అవకాశమూ దక్కుతుంది. గదికి రెండు కన్నాలు పెట్టండి, ఆటగాడికి దూరంగా ఉన్నదాన్ని జీవి ఎంచుకోవాలి. 40 నుంచి 60 సెకన్లకు తిరిగి రావాలి.

బ్లెండర్ రానివాళ్లకు: స్ప్రైట్3డీతో కాగితపు బొమ్మలాంటి జీవిని నిలబెట్టొచ్చు. బిల్‌బోర్డ్ పెడితే అది ఎప్పుడూ మీ వైపే తిరుగుతుంది కాబట్టి ముఖం ఎటుందన్న లెక్క బొమ్మ నుంచి తీయకండి. దాని పైనున్న తల్లి నోడ్ (గోడాట్‌లో ఆటను కట్టే ఒక్కో భాగాన్ని నోడ్ అంటారు) దిక్కును వాడి, ముందు, వెనక, కుడి, ఎడమ నాలుగు బొమ్మలు మార్చండి.

4. ఫొటోకి మార్కులు

ఇదే ఆటకు గుండెకాయ. ఆటగాడి కన్ను "భలే పడింది" అన్న ఫొటోకి ఆట 30 మార్కులు వేసిందంటే అతను ఇక తెరవడు.

ముందు చూపు పరీక్ష. జీవి ఒంటిమీద ఆరు మార్కర్3డీ గుర్తులు పెట్టండి: తల, మెడ, ఛాతీ, నడుము, ముందు కాలు, తోక చివర. వీటిని బోన్ అటాచ్‌మెంట్ (బొమ్మ ఎముకతో పాటు కదిలే నోడ్) కింద పెట్టాలి. జీవి నోడ్ కిందే వదిలేస్తే బొమ్మ వంగినా లేచినా గుర్తులు గాల్లో వేలాడుతూ ఉంటాయి. సరిగ్గా పెడితే ఒక లాభం కూడా ఉంది. అలుగు ఉండ చుట్టుకున్నప్పుడు తల గుర్తు లోపలికి పోతుంది.

ప్రతి గుర్తుకూ వరసగా మూడు ప్రశ్నలు:

అ) గుర్తు కెమెరాకు వెనక ఉందా? ఉంటే వదిలేయండి. ఇది అడగకుండా అన్‌ప్రాజెక్ట్ పొజిషన్ (తెర మీద చోటు చెప్పే ఫంక్షన్) వాడితే, వెనకున్న జీవికి కూడా తెర మీద ఏదో ఒక చోటు చూపిస్తుంది.

ఆ) ఫ్రేమ్‌లో పడుతుందా? ఈజ్ పొజిషన్ ఇన్ ఫ్రస్టమ్ అన్న ఫంక్షన్ చెప్తుంది.

ఇ) మధ్యలో గోడ అడ్డుందా? కెమెరా నుంచి గుర్తుకు ఒక రే (ఏదైనా అడ్డొస్తే చెప్పే కనబడని గీత) వదలండి. గోడలు, స్తంభాలు మాత్రమే ఒకటో కొలిజన్ లేయర్‌లో ఉంచి, రే మాస్క్ ఆ లేయర్‌కే పరిమితం చేయండి. జీవినీ ఆటగాడినీ వేరే లేయర్లలో పెట్టాలి. అప్పుడు రే దేనికీ తగలకపోతే గుర్తు కనబడుతున్నట్టే. ఇలా చేయకపోతే రే జీవి సొంత ఒంటికే తగిలి సున్నాలు రావచ్చు. ఇనుప ఊచల తలుపుకు పెట్టె ఆకారపు కొలైడర్ (రే తగిలే ఆకారం) పెట్టి ఊచల సందులోంచి ఫొటో ఎందుకు పడట్లేదని జుట్టు పీక్కునేవాళ్లూ ఉన్నారు. ఊచలకు విడివిడిగా కొలైడర్లు పెట్టండి, లేదా తలుపును వేరే లేయర్‌కు మార్చండి.

ఆరింటిలో మూడు కన్నా తక్కువ గుర్తులు కనబడితే ఫొటోలో జీవి లేనట్టే, సున్నా. విజిబుల్ ఆన్ స్క్రీన్ నోటిఫైయర్‌తో పని అయిపోతుందని అనుకోకండి. అక్లూజన్ కల్లింగ్ (అడ్డు వెనకున్నవాటిని గీయకుండా వదిలేసే పద్ధతి) లేకపోతే గోడ వెనకున్నా అది "కనబడుతోంది" అనే చెప్తుంది.

చూపు పరీక్ష దాటితే 100 మార్కులు ఇలా పంచండి:

సైజు 30. 10 శాతం లోపు సున్నా, అక్కడినుంచి 35 శాతం దాకా మెల్లగా పెంచండి, 35 నుంచి 70 దాకా పూర్తి. 70 దాటితే మళ్లీ తగ్గించండి.

ఫ్రేమింగ్ 20. కనబడిన ప్రతి గుర్తుకు 2, తల కనబడితే అదనంగా 8. జీవి సరిగ్గా నడిమధ్య ఉంటేనే మార్కులు అనే నియమం పెట్టొద్దు, అందరూ ఒకే రకం ఫొటోలు తీస్తారు.

ముఖం 20. జీవి ముందు దిక్కుకీ, జీవి నుంచి కెమెరాకి గీసిన దిక్కుకీ డాట్ ప్రాడక్ట్ (రెండు దిక్కులు ఎంత కలిశాయో చెప్పే లెక్క) తీయండి. 0.7 దాటితే పూర్తి, అంటే సుమారు 45 డిగ్రీల లోపు. సున్నా కన్నా తక్కువైతే మార్కులు లేవు. గోడాట్‌లో ముందు దిక్కు మైనస్ జెడ్. బయటినుంచి తెచ్చిన బొమ్మలు చాలావరకు ప్లస్ జెడ్ వైపు చూస్తుంటాయి. వీపు ఫొటోకి 20, ముఖం ఫొటోకి సున్నా వస్తోందంటే బొమ్మను 180 డిగ్రీలు తిప్పండి, లెక్కలో మైనస్ పెట్టి సరిపెట్టకండి. రేపు జీవి నడిచేటప్పుడు వెనక్కి నడుస్తుంది.

పని 30. ఊరికే నిలబడితే 5, మట్టి తవ్వుతుంటే 15, వెనక కాళ్ల మీద లేచి వాసన పడుతుంటే 30. లేచినప్పుడు ఎత్తు మీటరు అవుతుంది కాబట్టి సైజు మార్కులకు సరైన దూరం కూడా 4 నుంచి 8 మీటర్లకు మారుతుంది. దూరంగా ఓపికపట్టి కూర్చున్నవాడికీ ఒక దారి ఉండాలి కదా, అది ఇదే.

5. ఫొటోను తీసి దాచడం

ఆటగాడి కెమెరా తెరనే ఫొటోగా తీస్తే బటన్లు, స్కోరు అన్నీ అందులో పడతాయి. 1280 × 720 సైజులో ఒక సబ్‌వ్యూపోర్ట్ (అసలు తెరకు విడిగా బొమ్మ గీసే చోటు) పెట్టి అందులో రెండో కెమెరా ఉంచండి. సబ్‌వ్యూపోర్ట్ లోపలి కెమెరా ఆటగాడి వెంట తనంతట తాను రాదు. క్లిక్ చేసినప్పుడల్లా గ్లోబల్ ట్రాన్స్‌ఫార్మ్ (కెమెరా చోటు, దిక్కు), ఎఫ్ఓవీ రెండూ కాపీ చేయాలి. ప్రతి ఫొటోలోనూ ఒకే మూల కనబడుతోందంటే ఇది మర్చిపోయినట్టు.

అప్‌డేట్ మోడ్‌ను వన్స్‌కి పెట్టి, ఫ్రేమ్ గీయడం పూర్తయిందని రెండరింగ్ సర్వర్ ఇచ్చే ఫ్రేమ్ పోస్ట్ డ్రా సిగ్నల్ దాకా ఆగి, అప్పుడు టెక్స్చర్ నుంచి ఇమేజ్ తీయండి. ఆగకపోతే నల్ల ఫొటో, లేదా పాత ఫొటో. మార్కుల లెక్క మాత్రం క్లిక్ చేసిన క్షణంలోనే, ఇదే రెండో కెమెరాతో వేయాలి. ఆటగాడి స్క్రీన్ 21:9 అయితే అంచుల్లో కనబడేది ఫొటోలో ఉండదు, ఉన్నట్టు మార్కులు పడితే గొడవ. వ్యూఫైండర్ గీతలు కూడా 16:9లోనే గీయండి.

ఒక ఫొటో కుదించకుండా మెమరీలో 2.7 ఎంబీ పైనే తీసుకుంటుంది, నలభై ఉంటే 110 ఎంబీ. ఆల్బమ్‌లో 320 × 180 చిన్న బొమ్మలే చూపండి, నలభైకి 7 ఎంబీ. పెద్దవి డిస్క్‌లో జేపీజీగా దాచండి, క్వాలిటీ 0.85. పీఎన్‌జీ అయితే దాచేటప్పుడు ఆట ఒక క్షణం తడబడినట్టు ఉంటుంది. దాచే చోటు యూజర్ దారే (user://) కావాలి. రిసోర్స్ దారిలో (res://) దాస్తే ఎడిటర్‌లో బాగానే నడిచి, ఎక్స్‌పోర్ట్ చేశాక పనిచేయదు. ప్రదర్శన రోజు పొద్దున బయటపడే తప్పు ఇది.

6. సరిచూసుకోవడం

మార్కుల విడి అంకెలు నాలుగూ తెర మూలలో కనబడేలా ఒక టెస్ట్ మోడ్ పెట్టుకోండి. తర్వాత వరసగా:

- ఖాళీ గోడను తీయండి. సున్నా రావాలి.
- జీవికి వీపు చూపించి, వెనక్కి తిరిగి నిలబడి తీయండి. సున్నా.
- జీవిని స్తంభం వెనక ఉంచి తీయండి. తోక ఒక్కటే కనబడితే సున్నా, సగం ఒళ్లు కనబడితే మార్కులు రావాలి.
- 3, 4.5, 6, 9 మీటర్ల దగ్గర నేల మీద గీతలు గీసి, జూమ్‌లో ఒక్కో ఫొటో తీయండి. వెనక కాళ్ల మీద లేవని జీవి ఫ్రేమ్‌లో సుమారు 57, 38, 28, 19 శాతం నిండాలి. అంకెలు చాలా తేడాగా ఉంటే బొమ్మ స్కేల్ తప్పు.
- ఒకే ఫ్రేమ్‌లో రెండు జీవులుంటే మార్కులు దేనికి? ఎక్కువ వచ్చినదానికే ఇవ్వండి, రెండూ కలపకండి.
- పగలు కిటికీ తెరిచి ఒకసారి, రాత్రి లైటు ఆపి ఒకసారి ఆడండి. పగలు ఏమీ కనబడకపోతే గదుల్లో యాంబియంట్ (అంతటా సమానంగా పరుచుకునే) వెలుతురు కొంచెం పెంచండి. బ్రైట్‌నెస్ మీటను ఆటగాడి చేతికి ఇవ్వడం ఇంకా మంచిది.

చివరగా ఈ ఆట గురించి ఏమీ తెలియని నలుగురిని కూర్చోబెట్టి ఆడించండి. మీరు నోరు మెదపొద్దు, "వంగు, వంగు" అని అందించొద్దు. మొదటి జీవి రెండుసార్లు పారిపోయాక కూడా వంగాలని వాళ్లకు తట్టకపోతే, నడక దూరం 6ను తగ్గించకండి. జీవి తల ఎత్తే కదలికను ఇంకా స్పష్టంగా చేయండి, దానికో చిన్న ముక్కు చప్పుడు జోడించండి. ఫోన్‌లో మీరే రికార్డు చేసిన చప్పుడైనా సరిపోతుంది, ఫ్యాను ఆపి తీస్తే చాలు.